నావికుల జాబితాలు చెప్పిన సాక్ష్యం

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బ్రిటన్‌లో బానిస వ్యాపారాన్ని సమర్థించేవారు ప్రసంగాల్లో ఒక మాట పదేపదే చెప్పేవారు. నౌకాదళానికి ఆరితేరిన నావికులను తయారుచేసే బడి ఈ వ్యాపారమేనని! వినడానికి ఎంతో బాగుండేది, దేశభక్తి ఉట్టిపడేది. దానికి రుజువేదని పట్టుబట్టి వెదికినవాడు థామస్ క్లార్క్‌సన్.

కేంబ్రిడ్జిలో చదివి, ఆంగ్లికన్ సంఘంలో డీకన్ అయిన ఈ యువకుడు 1785లో బానిసత్వంపై లాటిన్‌లో వ్యాసం రాసి బహుమతి గెలిచాడు. లండన్‌కు వెళ్తూ దారిలో గుర్రం దిగి కూర్చుండిపోయాడు. తాను రాసింది నిజమైతే ఎవరో ఒకరు దీన్ని ఆపాలి కదా అన్న తలంపు అతణ్ణి వదల్లేదు. 1787లో బ్రిస్టల్, లివర్‌పూల్ రేవులకు వెళ్లి ఓడల సిబ్బంది జాబితాలు తిరగేశాడు. ఎవరు బయల్దేరారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు చనిపోయారు అని పేరుపేరునా ఆరా తీశాడు. లివర్‌పూల్‌లో కొందరు అతణ్ణి సముద్రంలోకి తోసేయబోయారు కూడా. అయినా దాదాపు 20 వేల మంది నావికుల వివరాలు పోగుచేశాడు.

లెక్క తేలింది. 350 బానిస ఓడల్లోని 12 వేల పైచిలుకు నావికుల్లో ఏడాదిలో 2,600 మందికి పైగా చనిపోయారు. వెస్టిండీస్ సరుకు ఓడలు 462లో ఉన్న 7,640 మందిలో ఏడు నెలల్లో పోయినవారు 118 మంది. నెలల తేడా కలుపుకున్నా పోలికే లేదు. అది బడి కాదు, శ్మశానం.

తన పక్షం మాటల విషయంలోనూ అతడు అంతే కచ్చితం. ఆఫ్రికా నదుల్లో రాత్రివేళ పడవల్లో వెళ్లి, ఊళ్లమీద పడి మనుషుల్ని ఎత్తుకొస్తారని విన్నాడు. అతని వాదానికి అంతకన్నా ఏం కావాలి? కానీ కళ్లారా చూసినవాడు కావాలనుకున్నాడు. ఆ నావికుడి పేరు తెలియదు, ఏదో యుద్ధనౌకలో ఉన్నాడన్నదే ఆనవాలు. రేవు తర్వాత రేవు తిరిగి, వందకు పైగా ఓడలెక్కి దిగి, చివరికి ప్లిమత్‌లో ఐజాక్ పార్కర్‌ను పట్టుకున్నాడు. పార్కర్ పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. సాక్ష్యమనే మాటను మన సభల్లో మనమెంత తేలిగ్గా వాడేస్తుంటామో!

1791 ఏప్రిల్‌లో విలియం విల్బర్‌ఫోర్స్ ఈ ఆధారాలన్నీ పార్లమెంటులో వినిపించాడు. అనుకూలంగా 88 ఓట్లు, వ్యతిరేకంగా 163. లెక్కలు తప్పని ఎవరూ తేల్చలేదు, లాభాలే గెలిచాయి. వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో వచ్చింది. ఆ మధ్య పదహారేళ్లూ ఓడలు ఆఫ్రికాకు వెళ్తూనే ఉన్నాయి.