డ్రాఫ్ట్స్‌మన్ రాజా అయిన కథ: లాలా దీన్ దయాళ్

మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య అప్పుడప్పుడు ఒక రగడ నడుస్తుంటుంది. మిగతావాళ్లు చూసి నవ్వుకుని వదిలేస్తారు. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లం నలుగురైదుగురం ఉన్నాం. ఒకాయనది నికాన్, ఇంకొకాయనది కెనాన్. గుడిమెట్ల దగ్గర కృష్ణ ఒడ్డున కొంగను తీయాలంటే ఎంత పొడవు లెన్సు కావాలన్న దాని మీద ఒకసారి రెండు రోజులు వాదించుకున్నాం. ఆ రెండు రోజుల్లో ఒక్కరం కూడా ఏటి దగ్గరికి వెళ్లలేదు. సంచిక కమిటీ వాళ్లు ఆ కెమెరాల గురించే ఏదైనా రాయమన్నారు. లెన్సుల గురించి రాస్తే మా నలుగురం తప్ప అందరూ పేజీ తిప్పేస్తారు. అందుకని, మాలాగే ఉద్యోగం చేసుకుంటూ సరదాగా కెమెరా పట్టుకున్న ఒక పెద్దమనిషి జీవితం రాస్తున్నాను. ఆయన లాలా దీన్ దయాళ్. సికింద్రాబాదులో ఉండి, రాజా బిరుదు పొంది, 1905లో పోయాడు.

ఆయన మనవాడు కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. నగల వ్యాపారం చేసే వంశం. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకుని, 1866లో ఇందోరులో పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటులో చేరాడు. అంచనాలు వేయడం, ప్లాన్లు గీయడం ఆయన పని. ఇరవై రెండేళ్ల వయసు, ప్రభుత్వ ఉద్యోగం. ఆ కాలంలో అంతకంటే ఏం కావాలి? ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. 1874లో, ముప్పై ఏళ్లప్పుడు, కెమెరా చేతికొచ్చింది.

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే ఏమిటో మా గ్రూపు వాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఫిల్ము లేదు. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దాని మీద కొలోడియన్ అనే జిగురు లాంటి ద్రవం పోసి, పలకను అటూ ఇటూ వంచుతూ అంతటా సమంగా పరుచుకునేట్టు చేయాలి. తర్వాత చీకట్లో వెండి లవణం కలిపిన నీళ్లలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, వెంటనే మళ్లీ చీకటి గదిలోకి పరిగెత్తి కడగాలి. మొత్తం పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. కొలోడియన్‌లో ఉండేది ఈథర్, గాలికే ఆవిరైపోయే సరుకు. ఇంగ్లండు చలిలోనే అవస్థపడేవాళ్లు, మరి మన ఎండల్లో? మే నెలలో నందిగామ సెంటర్లో నిలబడ్డవాళ్లు ఊహించుకోగలరు. ఊరి బయట గుడి ఫొటో తీయాలంటే గాజు పలకలు, సీసాలు, నీళ్లు, నల్ల గుడారం అన్నీ బండి మీద వేసుకుని పోవాల్సిందే. పైగా నెగిటివ్‌ను పెద్దది చేసి ప్రింటు వేయడం అప్పటికి ఇంకా కుదురుకోలేదు. ఎనిమిదంగుళాలు, పదంగుళాల ఫొటో కావాలంటే గాజు పలక కూడా అంతే ఉండాలి, కెమెరా దానికి తగినంత ఉండాలి. ప్రింటు వేసే కాగితానికి పూత కోడిగుడ్డు తెల్లసొన. నెగిటివ్ కింద కాగితం పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ తేలేది. 1880 ప్రాంతంలో ముందుగానే మందు పూసి ఆరబెట్టిన పలకలు బజారులోకి వచ్చాక ఈ పరుగు తగ్గింది.

ఇంత అవస్థ జీతం కోసం కాదు, సరదా కోసం. ఇందోరు మహారాజు తుకోజీరావు హోల్కర్, అక్కడి బ్రిటిష్ ఏజెంటు సర్ హెన్రీ డేలీ ఆయన్ని ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఆ పర్యటన ఫొటోలు తీసే అవకాశం దక్కింది. డేలీ తర్వాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ తన వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిప్పుకుని పాత కట్టడాలన్నీ తీయించాడు. ఆ ఫొటోలతోనే 1886లో గ్రిఫిన్ మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల మీద పెద్ద పుస్తకం వేశాడు. మరుసటి ఏడాదే బర్జెస్ దొర అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద పుస్తకం ప్రచురించాడు. మనం ఎక్స్‌కర్షన్‌కి వెళ్లి టిఫిన్ డబ్బాలు విప్పిన ధనంబోడు స్తూపమే అది. రెండు పుస్తకాలు దాదాపు ఒకే కాలంవి కాబట్టి నాకు గుర్తొచ్చింది, అంతకంటే సంబంధం లేదు.

ఆ కట్టడాల ఫొటోలు చూస్తే నాకు కనిపించేది డ్రాఫ్ట్స్‌మన్ కన్ను. గోడలు ఎక్కడా వెనక్కి ఒరగవు. మనం ఫోను పైకెత్తి గాలిగోపురం తీస్తే అది వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది కదా. ఆ కాలం పెద్ద కెమెరాల్లో కెమెరాను వంచకుండా లెన్సు ఉన్న పలకను మాత్రం పైకి జరిపే ఏర్పాటు ఉండేది. గోడలు నిట్టనిలువుగా రావడం దానివల్లే. అయితే సామాను ఉంటే సరిపోదు, ఎక్కడ నిలబడాలో తెలియాలి. ఎనిమిదేళ్లు కాగితం మీద గోడలు గీసినవాడికి అది తెలుసు. ఉద్యోగం వేరు, హాబీ వేరు అని మనం గీత గీసుకుంటాం. ఆయనకు మొదటిది రెండోదానికి పనికొచ్చిందని నా నమ్మకం.

చివరికి ఉద్యోగం వదిలేశాడు. 1885లో వైస్రాయి ఫొటోగ్రాఫరుగా నియామకం వచ్చింది. అదే రోజుల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో చేరాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. మనకు సంబంధం ఇక్కడ మొదలవుతుంది. మన పక్కనున్న పరిటాల, దాని చుట్టుపక్కల ఊళ్లు 1948 దాకా నిజాం ఏలుబడిలోనే ఉండేవన్న సంగతి పెద్దవాళ్లకు తెలుసు. చుట్టూ ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లా, మధ్యలో నిజాం ఊళ్లు. ఆ నిజాం దర్బారు ఎలా ఉండేదో ఈరోజు మన కళ్లకు కడుతున్నదంటే అందులో ఎక్కువ భాగం దీన్ దయాళ్ చలవే. చార్మినారు, ఫలక్‌నుమా, చౌమహల్లా, పులుల వేట, పల్టన్ల కవాతు, విందుల బల్లలు, అన్నీ తీశాడు. వైభవమే కాదు, నిజాం రాజ్యంలో కరువొచ్చినప్పుడు సహాయ పనులు, అక్కడ చేరిన బక్కచిక్కిన జనాన్ని కూడా తీశాడు. ఆయన పేరు చెప్పగానే అందరూ పులుల వేటే చూపిస్తారు. నన్నడిగితే కరువు ఫొటోలు ముందు చూపించాలి.

1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచాడు. ఘోషా పాటించే స్త్రీలు మగ ఫొటోగ్రాఫరు ముందుకు రారు. అందుకని ఎత్తయిన గోడల మధ్య, ఒక ఇంగ్లీషు దొరసాని చేతిలో పెట్టి దాన్ని నడిపించాడు. 1894లో నిజాం ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. విక్టోరియా రాణి ఆస్థాన ఫొటోగ్రాఫరు హోదా కూడా దక్కింది. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ ఇదే పనిలోకి వచ్చారు. ధరమ్‌చంద్ 1904లో పోయాడు, మరుసటి ఏడాదే తండ్రి కన్నుమూశాడు.

అసలు ఇదంతా రాయడానికి కారణం కెమెరా కాదు, గాజు పలకలు. దీన్ దయాళ్ స్టూడియోలో నెగిటివ్‌లకు నంబర్లు వేసేవాళ్లు. పాత ప్రింట్ల అడుగున ఆ నంబరు, పక్కన ఆ చోటు పేరు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆయన పోయాక నిజాం రాజ్యమూ పోయింది, ఇంగ్లీషు వాళ్లూ పోయారు. కుటుంబం దగ్గర మాత్రం పలకలు ఉన్నాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుక్కున్నప్పుడు లెక్క 2,857. కిందపడితే పగిలిపోయే గాజు, ఆయన పోయిన ఎనభై నాలుగేళ్లకు అన్ని మిగిలాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు కూడా వేసింది.

ఇక మన సంగతి. ఈ సంచిక కోసం గురువుల ఫొటోలు సేకరించే పని నాకు అప్పజెప్పారు. మా లెక్కల మాస్టారి ఫొటో ఒక్కటీ దొరకలేదు. వాళ్ల ఇంట్లో ఉన్నవి ఒక వానాకాలంలో తడిసి పోయాయట. చివరికి మా 1978 పదో తరగతి గ్రూపు ఫొటో ఒక మిత్రుడి ట్రంకు పెట్టెలో బయటపడింది. టౌను నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు మూడు కాళ్ల స్టాండు వేసి, నల్లగుడ్డలో తలదూర్చి, కదలొద్దని అరిచి తీసిన ఫొటో. వెనక బెంచీ మీద ఎవడో ఏదో అంటే మాస్టారు సరిగ్గా ఆ క్షణాన తల తిప్పారు. ఆయన ముఖం ఒక్కటే చెదిరిపోయింది. నెగిటివ్ ఎవరి దగ్గరా లేదు. వెనక అట్ట మీద పేర్లు రాయలేదు. రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగోవాడు ఎవరో మా బ్యాచ్ మొత్తం కూర్చున్నా తేల్చలేకపోయాం. అది తానేనని ఇద్దరు వాదిస్తున్నారు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? డిజిటల్ కెమెరా కొన్న మొదటి ఆరేళ్లలో తీసినవన్నీ ఒకే హార్డ్ డిస్కులో పెట్టాను. అది ఒకరోజు టిక్కు టిక్కుమని చప్పుడు చేసి ఆగిపోయింది. రెండుసార్లు మన బ్యాచ్ కలుసుకున్నప్పటి ఫొటోలు అందులోనే పోయాయి. అప్పటికి మాతో ఉండి ఇప్పుడు లేని ముగ్గురు మిత్రులు వాటిలో ఉన్నారు. లెన్సు ఎంత మంచిదో అప్పుడు గ్రూపులో తెగ చెప్పుకున్నాను.

ఉత్సవం రోజు సాయంత్రం స్కూలు వరండా ముందు అందరి గ్రూపు ఫొటో నేనే తీస్తున్నాను. ఎండ పడమటికి వాలాక, నాలుగున్నరకు. పిలిచిన వెంటనే రండి. తీశాక మాత్రం వెంటనే లేచిపోకండి, ఒక పావుగంట ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి. నోటుబుక్కు పట్టుకుని వరుసకు ఎడమ నుంచి కుడికి ఇంటిపేరుతో సహా రాసుకుంటాను. మూడు ప్రతులు వేయించి ఒకటి స్కూల్లో, ఒకటి సంఘం బీరువాలో పెడతాం. మూడోది మా ఇంట్లో ఉంటుంది. రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగో కుర్చీ గురించి వాదించుకుంటున్న ఆ ఇద్దరూ ఈసారి దయచేసి వేరువేరు వరుసల్లో కూర్చోవాలి.