ఘనా స్వాతంత్ర్య సారథి: క్వామే ఎన్‌క్రుమా

పరపాలన నుండి ప్రజలను విడిపించడం కష్టసాధ్యమైన కార్యం. విముక్తులైన ప్రజల స్వేచ్ఛకు భంగం కలగకుండా వారిని పాలించడం అంతకన్న కష్టం. ఈ రెండింటిలో మొదటిదాన్ని సాధించి, రెండవదానిలో తొట్రుపడిన నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశానికి ఆయన తొలి ప్రధానమంత్రి, తొలి అధ్యక్షుడు.

ఘనాకు పూర్వనామం గోల్డ్ కోస్ట్. అట్లాంటిక్ మహాసముద్ర తీరంలోని ఆ నేలలో లభించే బంగారాన్ని బట్టి ఐరోపా వర్తకులు ఆ పేరు పెట్టారు. బంగారం కోసం వచ్చినవారు తరువాత బానిసల వ్యాపారానికి దిగారు. కాలక్రమంలో ఆ ప్రాంతం బ్రిటిష్‌వారి వలసగా మారింది. దాని నైరుతి మూలన ఉన్న ఎన్‌క్రోఫుల్ అనే కుగ్రామంలో 1909లో ఎన్‌క్రుమా జన్మించాడు. తండ్రి స్వర్ణకారుడు. తల్లి చిల్లర వర్తకం చేస్తూ కుమారుణ్ణి పెంచింది. అక్కడి అకాన్ జాతులవారు బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి నామకరణం చేస్తారు. క్వామే అంటే శనివారం పుట్టినవాడని అర్థం.

అక్రా నగరంలో ఉపాధ్యాయ శిక్షణ పొంది 1930లో పట్టభద్రుడైన ఎన్‌క్రుమా కొంతకాలం పాఠాలు చెప్పాడు. ఉన్నతవిద్య కోసం 1935లో అమెరికాకు బయలుదేరాడు. లింకన్ విశ్వవిద్యాలయంలోను, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోను చదివాడు. చేతిలో ధనం లేదు. న్యూయార్క్ వీధులలో చేపలమ్మాడు. సబ్బుల కర్మాగారంలో పనిచేశాడు. ఓడలలో వంటపాత్రలు తోమాడు. నల్లజాతివారు అనుభవిస్తున్న వివక్షను అక్కడ కళ్లారా చూశాడు. ఆఫ్రికా ప్రజలంతా ఒక్కటైతే తప్ప వారికి గౌరవం దక్కదనే విశ్వాసం ఆయనలో బలపడింది. 1945లో ఇంగ్లండు చేరి, మాంచెస్టర్‌లో జరిగిన అయిదవ పాన్ ఆఫ్రికన్ మహాసభ నిర్వహణలో ప్రముఖపాత్ర వహించాడు.

ఆ సమయంలో గోల్డ్ కోస్ట్‌లో న్యాయవాది జె. బి. డాంక్వా మొదలైన విద్యావంతులు ఒక రాజకీయ సంస్థను స్థాపించారు. దాని కార్యదర్శి పదవికి ఎన్‌క్రుమా తగినవాడని లింకన్‌లో ఆయనతో కలిసి చదివిన అకో ఆడ్జే సూచించాడు. ఆ పిలుపునందుకొని 1947 డిసెంబరులో ఎన్‌క్రుమా స్వదేశం చేరాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న, రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్ పక్షాన పోరాడిన మాజీ సైనికులు తమ గోడు గవర్నరుకు విన్నవించుకోవడానికి ఊరేగింపుగా వెళ్లారు. పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు మరణించారు. నగరం అట్టుడికింది. ప్రభుత్వం ఆరుగురు నాయకులను నిర్బంధించింది. వారిలో ఎన్‌క్రుమా, డాంక్వా, అకో ఆడ్జే, ఒబెట్సెబీ లాంప్టే ఉన్నారు. ఈ నలుగురి పేర్లు గుర్తుంచుకోదగినవి.

స్వపరిపాలన క్రమంగా రావాలని పెద్దలు భావించారు. తక్షణమే రావాలని ఎన్‌క్రుమా పట్టుబట్టాడు. 1949లో వారి నుండి విడిపోయి కన్వెన్షన్ పీపుల్స్ పార్టీని స్థాపించాడు. అంగళ్లలో అమ్ముకొనే స్త్రీలు, లారీ డ్రైవర్లు, కొద్దిపాటి చదువుకొన్న యువకులు ఆయన వెంట నడిచారు. గాంధీజీ సత్యాగ్రహం స్ఫూర్తిగా 1950 జనవరిలో సమ్మెలు, బహిష్కారాలతో కూడిన అహింసా పోరాటాన్ని ప్రారంభించాడు. ప్రభుత్వం ఆయనకు కారాగార శిక్ష విధించింది. 1951 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చాయి. చెరసాల నుండే అక్రాలో పోటీచేసిన ఎన్‌క్రుమాకు 23,122 ఓట్లలో 22,780 లభించాయి. గవర్నరు ఆయనను విడుదల చేసి ప్రభుత్వ నిర్వహణకు ఆహ్వానించక తప్పలేదు. 1952లో ఆయన ప్రధానమంత్రి అయ్యాడు.

1957 మార్చి 6న దేశం స్వతంత్రమైంది. ప్రాచీన ఆఫ్రికా సామ్రాజ్యమొకదాని పేరు స్వీకరించి ఘనాగా వెలసింది. 1960లో గణతంత్రమై ఎన్‌క్రుమాను అధ్యక్షునిగా ఎన్నుకొంది. ఆయన కాలంలో పాఠశాలలు విస్తరించాయి. టేమా రేవు నిర్మాణం పూర్తయింది. వోల్టా నదిపై అకొసోంబో ఆనకట్ట వెలసి, దాని వెనుక ప్రపంచంలోని అతివిశాలమైన కృత్రిమ జలాశయాలలో ఒకటి ఏర్పడింది. నెహ్రూ, నాసర్, టిటో, సుకర్ణోలతో పాటు అలీనోద్యమ నిర్మాతలలో ఆయన ఒకడు. 1963లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఆవిర్భావానికి విశేషంగా కృషిచేశాడు.

అయితే స్వతంత్ర దేశంలో ఆయన పాలన కఠినమైంది. ప్రాంతీయ విభేదాలు దేశాన్ని చీలుస్తాయని భయపడ్డాడు. విచారణ లేకుండా అయిదేళ్ల వరకు ఎవరినైనా నిర్బంధించడానికి వీలు కల్పించే చట్టం 1958లో వచ్చింది. తన ప్రాణంపై దాడులు జరిగిన తరువాత ఆయనలో అనుమానం పెరిగింది. ఒకప్పుడు తనతో పాటు బ్రిటిష్‌వారి నిర్బంధాన్ని అనుభవించిన లాంప్టే 1963లో, డాంక్వా 1965లో ఆయన ప్రభుత్వ నిర్బంధంలోనే కన్నుమూశారు. తనను స్వదేశానికి రప్పించిన మిత్రుడు అకో ఆడ్జేను 1963లో న్యాయస్థానం నిర్దోషిగా ప్రకటించగా, ఎన్‌క్రుమా ప్రధాన న్యాయమూర్తినే తొలగించాడు. పునర్విచారణలో ఆ మిత్రునికి మరణశిక్ష పడింది, తరువాత దానిని కారాగార శిక్షగా మార్చారు. 1964లో దేశంలో ఒకే పార్టీ మిగిలింది.

ఇంతలో దేశానికి జీవనాధారమైన కోకో గింజల ధర ప్రపంచ విపణిలో పడిపోయింది. అప్పులు పెరిగాయి. నిత్యావసరాలు కరువయ్యాయి. 1966 ఫిబ్రవరి 24న, వియత్నాం శాంతియత్నానికై ఎన్‌క్రుమా విదేశయాత్రలో ఉండగా, సైన్యం, పోలీసులు కలిసి అధికారాన్ని చేజిక్కించుకొన్నారు. ప్రజలు వీధులలో సంబరాలు చేసుకొన్నారు. అక్రాలోని ఆయన విగ్రహాన్ని పడగొట్టారు. రాజకీయ ఖైదీలు విడుదలయ్యారు. గినీ అధ్యక్షుడు సెకూ తూరే ఆయనకు ఆశ్రయమిచ్చాడు. మళ్లీ స్వదేశం చూడకుండానే 1972 ఏప్రిల్ 27న రుమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో ఎన్‌క్రుమా మరణించాడు.

ఆయన భౌతికకాయాన్ని మొదట గినీలో, తరువాత స్వగ్రామంలో ఖననం చేశారు. 1992లో అక్రాలో, ఆయన స్వాతంత్ర్యాన్ని ప్రకటించిన మైదానంలోనే స్మారక మందిరం నిర్మించి అందులో ఉంచారు. అక్కడ ఆయన నిండు విగ్రహం ఉంది. నాడు జనం పడగొట్టిన విగ్రహాన్ని కూడా విరిగినది విరిగినట్లే అదే ఆవరణలో నిలిపారు. చెరసాల నుండి వచ్చి జాతిని విడిపించినవాడు, తన సహచరులకు చెరసాల తలుపులు మూసినవాడు ఒక్కడేనన్న సత్యాన్ని ఆ దేశం దాచలేదు. కృతజ్ఞతను, హెచ్చరికను పక్కపక్కనే భద్రపరచుకొంది.