చింతామణి రఘునాథాచార్యులవారి చరిత్రము

నక్షత్రములు స్థిరములని మన వాడుక. స్థానమున స్థిరములుగా తోచినను, వెలుగునందు అన్నియు స్థిరములు గావు. అట్లు వెలుగు మాఱెడి తారనొకదానిని నవీన యంత్రసాధనమున కనిపెట్టిన ప్రథమ భారతీయుడుగా చింతామణి రఘునాథాచార్యులవారు ప్రసిద్ధులు. వారి చరిత్రము విద్యార్థులకును విద్యాపోషకులకును సమానముగా స్మరణీయము.

వీరు పంచాంగకర్తల వంశమున జన్మించిన వైష్ణవులు. చెన్నపురి నుంగంబాకమున 1792లో కట్టబడిన వేధశాలయందు చిన్నవయసుననే కొలువు చేరిరి. ఆ శాలలోని రాతికంబముపై ఇతర భాషలతోపాటు తెనుగునను శాసనము చెక్కబడినది. 1861లో పోగ్సన్ దొరగారు ఆ శాలకు అధ్యక్షులైరి. తారల వెలుగులో ఐదు తరగతుల భేదము నూఱు రెట్ల భేదమని 1856లో లెక్క కట్టినవారు వీరే. వారి క్రింద ఆచార్యులవారు ప్రధాన సహాయకులై, తారల స్థానములను కొలిచి పట్టిక వ్రాయుటలో రాత్రులు గడపిరి.

1867లో రెటిక్యులమ్ అను దక్షిణ మండలమున ఒక తార వెలుగు మాఱుచున్నదని వారు గుర్తించిరి. అది సుమారు 280 దినములకు ఒకమాఱు పెరిగి తరుగును. మిక్కిలి వెలిగినపుడు సైతము కంటికి అందీ అందనట్లుండును. క్షీణించినపుడు దాదాపు వేయి రెట్లు మందగించును. సంక్రాంతి దినములలో రాత్రి తొమ్మిది గంటలకు కోటబొమ్మాళినుండి చూచినచో, అగస్త్య నక్షత్రమునకు పడమటి దిగువను, దిఙ్మండలమునకు ఎనిమిది తొమ్మిది డిగ్రీల ఎత్తున ఆ చోటు గోచరించును.

1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమునకు పోగ్సన్ దొరగారు బందరునకు పోగా, వనపర్తికి వెడలిన బృందమునకు ఆచార్యులవారు నాయకులైరి. 1872లో లండనునందలి రాయల్ ఖగోళ సంఘమున సభ్యత్వము లభించెను. గణితము ఆకాశముతో సరిపోవలెనని నమ్మి, దృగ్గణిత పంచాంగమును ప్రకటించిరి. పూర్వవాక్యములనే పట్టుకొన్న సిద్ధాంతులు దానిని ఒప్పుకొనలేదు. అయినను వెనుదీయక, 1874 డిసెంబరు 9వ తేదీ శుక్రుడు సూర్యబింబమును దాటు వింతను దేశభాషలలో వివరించి పుస్తకములు వెలువరించిరి.

స్వదేశీయులు అభ్యసించుటకు ఒక వేధశాల కావలెనని ఆ 1874లోనే ధనికులను అర్థించిరి. ఆ కోరిక నెఱవేఱకయే 1880 ఫిబ్రవరి 5వ తేదీన పరమపదించిరి. వారి శ్రమకు లోటు లేదు. లోకుల చేయూతయే కొఱవడినది. విశాఖపట్టణమున స్థితి వేఱు. అచట గొడే జగ్గారావుగారు 1840 ప్రాంతమున స్వధనముతో వేధశాల నిర్మింపగా, అల్లుడు అంకితము వేంకట నృసింహారావుగారు 1892లో గతించువఱకు అందు పరిశ్రమించిరి. దాతృత్వమును విద్యయు ఒకే గృహమున కూడినందున ఆ దీపము నిలిచినది.

మహాజనులారా! తార వెలుగు గమనించుటకు గొప్ప యంత్రము లేకున్నను ఆరంభింపవచ్చును. ఆరుద్ర నక్షత్రము అట్టి చంచలకాంతి గలదే. సాధారణముగా రోహిణిని మించియుండునది 2020 ఫిబ్రవరిలో రోహిణికంటె మందమయ్యెను. దానిని అధికమైన ఒక తారతోను, అల్పమైన మఱియొక తారతోను పోల్చి, తేదీయు గంటయు వ్రాసికొనుటయే పని. మన బాలురకును బాలికలకును ఈ అభ్యాసము నేర్పి, ముందునకు పోగోరువారికి ఒక దూరదర్శినిని సమకూర్చుట ఆచార్యులవారికి మనము చెల్లింపదగిన ఋణము.