జెర్డాన్ దొరయు, కలివికోడియు

రోహిణీ కార్తె ఎండలు సడలి మృగశిర ప్రవేశించు వేళ మన మెట్టపొలములందు పక్షుల సందడి హెచ్చును. చాతకము మేఘముల కంటె ముందుగా వచ్చి కూయును. గిజిగాడు గూటికై గడ్డిపోచలను చీల్చును. దుక్కికి బోవు రైతు వీని నన్నిటిని పేరుపేరున నెరుగును. కాని ఆ పేర్లు గ్రంథములకెక్కుట అరుదు. నూటయేబది యేండ్లకు పూర్వమే వానిని గ్రంథస్థము గావించిన పరదేశీయుడు డాక్టరు జెర్డాన్ దొర.

థామస్ కావర్‌హిల్ జెర్డాన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండునందలి డర్హాం మండలమున జన్మించిరి. తండ్రిగారికి ప్రకృతి పరిశీలనమందుండిన అభిరుచి కుమారునకును సంక్రమించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యులుగా చేరి, 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున ఓడ దిగిరి.

మొదట ఆయనను గంజాం ప్రాంతమునకు బంపిరి. అచ్చట సిపాయీలు జ్వరములచేతను విరేచనములచేతను మిక్కిలి బాధపడుచుండిరి. రోగులను జూచుటకు పోగా మిగిలిన వేళలయందు ఆయన తూర్పు కనుమలలోని పక్షులను సేకరింప మొదలిడిరి. మరుసటి యేడు ఆశ్వికదళమునకు వైద్యులై, దండు కదలినపుడెల్ల దానివెంట దక్కను పీఠభూమిలో సంచరించిరి. దండు విడిసిన ప్రతి చోటును ఆయనకు పాఠశాల యయ్యెను.

ఆ దినములలో పక్షుల జాతి నిర్ణయమునకు సీమలోని పండితులే ప్రమాణము. జెర్డాన్ తాను శ్రమించి కూర్చిన పక్షి చర్మములను స్కాట్లండులోని జార్డిన్ అను పండితునకు పంపిరి. అవి సముద్రము దాటి చేరునప్పటికి చిమ్మటలు పట్టి చెడిపోయెను. ఎన్నో నెలల కష్టము మన్నుపాలయ్యెను. ఆయన నిరాశ జెందక, నాటినుండి తన కన్నులనే నమ్ముకొని స్వయముగా నిర్ణయించుకొన నారంభించిరి. 1839లో దక్షిణాపథ పక్షుల పట్టికను చెన్నపట్టణపు పత్రికయందు ప్రకటింప మొదలిడిరి.

1840వ దశకమున ఆయన నెల్లూరిలో వైద్యాధికారిగా నుండిరి. అచ్చటి యానాదులు అడవి నెరిగిన జనము. ఏ పొదలో నే పిట్ట గూడుకట్టునో, ఏది ఏ కాలమున వచ్చునో వారికి తెలియును. జెర్డాన్ వారిని గురువులుగా నెంచి, వారివలన తూర్పు కనుమల జీవజాలమును గూర్చి పెక్కు సంగతులు తెలిసికొనిరి. తన గ్రంథమున పక్షుల శాస్త్రనామముల సరసనే బట్టమేక, నేలనెమలి మున్నగు తెలుగు పేర్లను చేర్చిరి.

నేలనెమలి పోతు వాన కాలమున నల్లని యీకలు దాల్చి, తలపై కుచ్చులు పెంచి, గడ్డిలోనుండి పైకెగిరెగిరి పడుచు పెంటిని పిలుచును. ఋతువు దాటగానే ఆ నలుపు పోయి పెంటివలె ఇసుకవన్నె దాల్చును. ఈ రెండు వేషములను జూచి పూర్వులు రెండు జాతులని భ్రమించి వేర్వేరు నామములిడిరి. జెర్డాన్ ఈ వన్నెల మార్పును స్వయముగా పరిశీలించి వివరముగా వ్రాసిరి.

దేశీయ చిత్రకారులు రచించిన చిత్రములతో 1843 మొదలు 1847 వరకు ఆయన ఒక చిత్రగ్రంథమును వెలువరించిరి. తరువాత మలబారు తీరమున నుండగా చీమలను సైతము పరిశీలించి, ఎగిరి దుమికెడు చీమ నొకదానిని 1851లో లోకమునకు తెలిపిరి. పిమ్మట గవర్నరు జనరలు కానింగు ప్రభువు ప్రోత్సాహమున, 1862 - 1864 నడుమ భారతదేశ పక్షులను గూర్చి మహాగ్రంథమును ప్రకటించిరి. అందు వేయికి పైగా జాతులు వర్ణింపబడినవి. అనారోగ్యముచే 1870లో స్వదేశమునకు మరలి, 1872 జూన్ 12న అరువదవ యేట పరమపదించిరి.

నెల్లూరికి పడమట కనుమలమీదను కడప సీమలోను రాతినేలలయందు ఆయనకు దొరికిన పక్షి యొకటి కలదు. రొమ్మున రెండు పట్టీలు గల ఆ పక్షిని 1848లో బ్లైత్ అను పండితుడు వర్ణించెను. అది నేడు జెర్డాన్ పేరనే ప్రసిద్ధము. తెలుగున కలివికోడి యందురు. 1900లో అనంతపురం చెంత కనబడిన పిమ్మట దాని జాడ తెలియక, నశించెననియే పండితులు తలచిరి. అది పగలు పొదలమాటున నుండి రాత్రివేళ తిరుగును. పగటి వెదకులాటకు చిక్కకుండుట అందువలననే. తుదకు 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు లంకమల ప్రాంతమున విచారించుచుండగా, ఆ చోటి వేటగాడొకడు రాత్రి దీపపు వెలుతురున దానిని పట్టి తెచ్చెను. ఎనుబదియారేండ్లు శాస్త్రజ్ఞులకు కానరాని పక్షి గ్రామీణుని చేతికి చిక్కెను. అనంతరము 1988లో లంకమల అభయారణ్యమేర్పడెను. తెలుగుగంగ కాలువ త్రోవను సైతము దీనికొఱకు మార్చిరి. అయినను ఇటీవలి సంవత్సరములలో ఇది కంటబడుట మిక్కిలి దుర్లభము.

జెర్డాన్ కీర్తికి ఆయన పాండిత్యమెంత కారణమో, అడవి బిడ్డల నడిగి తెలిసికొనుటకు వెనుదీయని వినయమంత కారణము. ఆయన అడిగి వ్రాసికొనకున్నచో ఆ పేర్లలో కొన్ని వృద్ధులతోడనే మాసిపోయెడివి. నేటికిని పల్లెలలోని పశులకాపరులకు, ముదుసలులకు తెలిసిన పిట్టల పేర్లు పెక్కు వ్రాతకెక్కక యున్నవి. బాలురు వారి నడిగి, ఒక్కొక్క పేరును, ఆ పిట్ట కనబడిన కార్తెను పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచినచో, రాబోవు తరములకదియే తరుగని నిధి యగును.