గోల్కొండ ఆఖరి సుల్తాన్ తానీషా: ప్రజాధనం నేర్పే పాఠం

ప్రతి సంవత్సరం శ్రీరామనవమి రాగానే భద్రాచలానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వెళతాయి. ఆ ఆనవాయితీని ప్రారంభించింది ఒక ముస్లిం పాలకుడని చెబుతారు. ఖమ్మం, పాల్వంచ, కొత్తగూడెం వైపు మన పిల్లలు బడిలో ఆ పేరు విని ఇంటికొచ్చి, తానీషా ఎవరని అడుగుతుంటారు. సినిమాలో చూసిన నాలుగు సన్నివేశాలు తప్ప మనలో చాలామందికి ఆయన గురించి తెలిసింది తక్కువే. ఆయన జీవితంలో పదవి, బంధుత్వం, ప్రజాధనం, నమ్మకద్రోహం అన్నీ ఉన్నాయి. అందుకే ఈ నెల ఆయన గురించి తెలుసుకుందాం.

ఖాన్‌ఖా నుండి సింహాసనానికి

ఆయన అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. కుతుబ్ షాహీ వంశానికి చెందినవారే అయినా యౌవనంలో రాజభోగాలకు దూరంగా, హజ్రత్ షా రాజూ అనే సూఫీ పెద్ద శిష్యరికంలో గడిపారు. తానా షా అన్న పేరు ఆ గురువు ముద్దుగా పెట్టిందేనంటారు. తెలుగువారి నోట అది తానీషా అయింది. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా తన మూడో కుమార్తెను ఆయనకిచ్చి వివాహం చేశారు. 1672లో అబ్దుల్లా మరణించినప్పుడు అల్లుళ్ళ మధ్య సింహాసనం కోసం పోటీ వచ్చింది. సయ్యద్ ముజఫ్ఫర్ వంటి సర్దారుల మద్దతుతో అబుల్ హసన్ సుల్తాన్ అయ్యారు.

పదవి ఇప్పించినవాడు తర్వాత దానికి ధర అడుగుతాడు. సయ్యద్ ముజఫ్ఫర్ అధికారమంతా తన చేతిలోనే ఉండాలనుకున్నాడు. ఆయన కింద పనిచేస్తున్న మాదన్న అనే సమర్థుడి సహాయంతో సుల్తాన్ ఆ పట్టు వదిలించుకున్నారు. 1674 ప్రాంతంలో మాదన్న ప్రధానమంత్రి అయ్యారు. మతం చూడకుండా ప్రతిభను చూసి పదవి ఇవ్వడం సుల్తాన్ గొప్పతనం. ఆ కాలంలో ఫర్మానాలు ఫార్సీతోపాటు తెలుగులో కూడా వెలువడేవి. అయితే క్రమంగా పాలన భారమంతా మంత్రికి వదిలి తాను సంగీతంలో, విలాసాల్లో మునగడం ఆయన లోపం. పర్యవేక్షణ తగ్గిన చోట బంధుత్వం పెరుగుతుంది. మాదన్న సోదరుడు అక్కన్నకు, మేనల్లుళ్ళకు ముఖ్యమైన పదవులు దక్కాయి.

గోదావరి ఒడ్డున ఒక తహసీల్దారు

నేటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న ఆ మేనల్లుళ్ళలో ఒకరు. ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నియమితులయ్యారు. అడవుల మధ్య రైతులు చెల్లించిన శిస్తును వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన బాధ్యత. ఆ సొమ్ముతో ఆయన భద్రాచలంలో ఆలయం కట్టించారు. లెక్క తేలనందుకు సుల్తాన్ ఆయనను గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్ళు ఆ చెరలో ఉన్నారని ప్రసిద్ధి. భక్త రామదాసుగా తెలుగువారు తలచుకునేది ఆయననే.

ఆయన విడుదల గురించి హిందూ సోదరులకు ఒక విశ్వాసం ఉంది. దాని జోలికి మనం వెళ్ళనవసరం లేదు. కానీ ఒక్క విషయం గమనించాలి. ఆ కథలో కూడా ఖజానాకు రావలసిన ఆరు లక్షలు ముందు చెల్లుతాయి, రసీదు తీసుకుంటారు, ఆ తర్వాతే ఖైదీ విడుదలవుతాడు. ఎంత పుణ్యకార్యమైనా ప్రజల సొమ్ముకు లెక్క చెప్పవలసిందేనని ఆ కథ కూడా ఒప్పుకుంటోంది. ప్రధానమంత్రి మేనల్లుడైనా లెక్క అడగడం మానలేదన్నది తానీషా పాలనలో మనం గుర్తుంచుకోదగిన విషయం.

ఇస్లాం ఈ విషయంలో ఇంకా స్పష్టంగా ఉంది. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదాన్నే స్వీకరిస్తాడని దైవప్రవక్త (స) బోధించారు. హరామ్ సొమ్ముతో మస్జిద్ కట్టినా అది పుణ్యం కాదు. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక అధికారి తిరిగివచ్చి, కొంత సొమ్ము బైతుల్ మాల్‌కని, మిగతాది తనకు వచ్చిన కానుక అని విడదీశాడు. దైవప్రవక్త (స) మింబర్‌పై నిలబడి, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని నిలదీశారు. పదవి వల్ల వచ్చింది పదవిదే, మనిషిది కాదు. నేటి మంత్రులకూ శాసనసభ్యులకూ కూడా ఇదే కొలబద్ద.

నమ్మినవారే ముంచారు

1685లో మొగలు సైన్యం హైదరాబాద్‌పైకి వచ్చింది. గోల్కొండ సేనాధిపతి మీర్ ముహమ్మద్ ఇబ్రాహీం శత్రువు పక్షాన చేరిపోయాడు. 1686లో అక్కన్న మాదన్నలు గోల్కొండ వీధిలోనే హతులయ్యారు. అప్పటివరకు పతనానికి మూలం ఆ సోదరులేనని దుమ్మెత్తి పోసినవారు చాలామంది. వారు పోయిన తర్వాత కూడా రాజ్యం నిలవలేదు. ఎందుకంటే చెడు ఒక మతంవారిలో లేదు, అమానతును మరచిన మనసుల్లో ఉంది.

ఔరంగజేబు కొలువులోని ఖాజీ షేఖుల్ ఇస్లాం మాత్రం దక్కనులోని ముస్లిం రాజ్యాలపై యుద్ధం ధర్మమని చెప్పడానికి నిరాకరించారు. పదవి వదులుకుని హజ్‌కు వెళ్ళిపోయారు. చక్రవర్తి ముందు ఆ మాట చెప్పడానికి ఎంత ఈమాన్ కావాలో ఆలోచించండి.

1687లో ఔరంగజేబు స్వయంగా కోటను ముట్టడించారు. సుమారు ఎనిమిది నెలలు గోడలు లొంగలేదు. చివరకు సెప్టెంబరు 21న అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి ఆశపడి ద్వారం తెరిచాడు. అదే కోటలో అబ్దుర్రజ్జాక్ లారీ అనే మరో సర్దారు ఉన్నారు. ఆయనకూ పెద్ద పదవుల ఆశ చూపారు. ఆయన తిరస్కరించి, ఒళ్ళంతా గాయాలయ్యేవరకు ఒంటరిగా పోరాడారు. ఆ విశ్వాసపాత్రతను చూసి శత్రువే ఆయనకు వైద్యం చేయించాడు. ద్వారం తెరిచినవాడి పేరు మాత్రం ద్రోహానికి గుర్తుగా మిగిలింది.

బంధించడానికి వచ్చినవారిని తానీషా నిబ్బరంగా పలకరించి, భోజనం ముగించి వారి వెంట నడిచారని చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత పన్నెండేళ్ళకు పైగా దౌలతాబాద్ కోటలో బందీగా ఉండి అక్కడే మరణించారు. ఆయన సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. ఒకనాడు ఒక తహసీల్దారును లెక్క అడిగిన సుల్తాన్, తన ఏలుబడి లెక్కతో తన ప్రభువు సన్నిధికి చేరారు.

మన లెక్క మాటేమిటి?

మాట్లాడితే అబద్ధం, మాట ఇస్తే తప్పడం, నమ్మి అప్పగిస్తే ద్రోహం చేయడం కపటుల లక్షణాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నాయకుల్లో వీటిని వెతకడం సులువే. మస్జిద్ కమిటీ చందా, వక్ఫ్ దుకాణం అద్దె, అనాథ మేనకోడలి వాటా, రేషన్ కార్డులో రాయించిన ఆదాయం మన చేతుల్లో ఉన్నప్పుడు మనలో వెతకడమే కష్టం. ఓటు వేసేటప్పుడు నోటు తీసుకున్నవాడు కూడా ఒక ద్వారం తెరిచినవాడే.

అల్లాహ్ మన పాలకులకు అమానతు భయాన్ని, మనకు ముందుగా మన లెక్క మనమే చూసుకునే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.