హంటింగ్టన్: వంశపు జబ్బును గుర్తించిన పల్లె వైద్యుడు

జార్జ్ హంటింగ్టన్ 1850 ఏప్రిల్ 9న అమెరికాలోని ఈస్ట్ హాంప్టన్‌లో జన్మించారు. తాత ఏబెల్, తండ్రి జార్జ్ లీ ఆ ఊరి వైద్యులే. బాల్యంలో తండ్రి వెంట బండిలో వెళుతుండగా తల్లీకూతుళ్లిద్దరు ఎదురయ్యారు. బక్కచిక్కిన ఆ ఇద్దరి శరీరాలూ అదుపు తప్పి వంకరలు తిరుగుతున్నాయి. ఆ దృశ్యం ఆయన మనస్సును వీడలేదు.

1871లో వైద్యపట్టా పొంది, మరుసటి ఏడు ఫిబ్రవరి 15న ఒహాయో రాష్ట్రంలో వైద్యుల ఎదుట ఒక వ్యాసం చదివారు. అప్పటికి ఆయన వయస్సు 21. తాతతండ్రులు ఏళ్లతరబడి గమనించిన సంగతులే ఆధారం. ఈ వ్యాధి వంశంలో దిగుతుందని, పెద్దయ్యాకే బయటపడుతుందని, మతి చెడుతుందని, బిడ్డకు రాకుంటే ఆ బిడ్డ సంతానానికీ రాదని వివరించారు. మెండెల్ సూత్రాలను లోకం గుర్తించింది 1900లో గదా!

కే.జీ.కండిగై వంటి మన సరిహద్దు పల్లెల్లో వంశపు జబ్బు అనగానే మేనరికం గుర్తుకొస్తుంది. దీనికి మేనరికంతో పని లేదు. తల్లిదండ్రులలో ఒక్కరికున్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. దాచిపెట్టి సంబంధం కలుపుకుంటే మరో ఇంటికీ అదే భయం.

ఆ జన్యువు 1993లో దొరికింది. మెదడు భాగాలను కలిపే తెల్లని నరాల పోగులు, అంటే శ్వేతపదార్థం, లక్షణాలకు ఏళ్ల ముందే దెబ్బతినడం ఎం.ఆర్.ఐ. చిత్రాలలో కనిపిస్తోంది. నయంచేసే మందు మాత్రం ఇంకా లేదు. అందుకే ముందుగా పరీక్ష చేయించుకోవాలా, వద్దా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవలసిన విషయం.

హంటింగ్టన్ మళ్లీ పరిశోధన జోలికి పోలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో పల్లె వైద్యునిగానే జీవించి, 1916 మార్చి 3న కన్నుమూశారు.