జిమ్ కార్బెట్టును ఆయన కుక్కయు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి మన పాఠశాలకు వచ్చు బాలురలో కుక్కను వెంటబెట్టుకొని గుట్టలెక్కనివారు అరుదు. కొండగట్టు చుట్టుపట్ల అడవిబాటలలో గొల్లవారి మందవెంట నడచు నాటుకుక్కను మనమందరము చూచియున్నాము. గొల్లడు కుక్కను నడపించునో, కుక్కయే గొల్లని నడపించునో చెప్పజాలము. ఒకరిది కన్ను, ఒకరిది ముక్కు; ఇద్దరిది నొక్కటే త్రోవ. ఈ రీతిగనే హిమాలయ పర్వతపాదమున ఒక కుక్కతో గూడి ఏండ్లతరబడి నడచిన మనుష్యుని చరిత్రమును ఈ సంచికలో మీకు వినిపింపదలచితిని. ఆయన కీర్తి లోకమెరిగినదే. అయినను ఆయన చంపిన పులులను గూర్చి చెప్పుకొనునంతగా ఆయన పెంచిన కుక్కను గూర్చి జనులు చెప్పుకొనరు. పిల్లలను పెంచువారికిని, చదువు చెప్పువారికిని ఆ కుక్క కథయే ఎక్కువ పనికివచ్చును.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన, ఇప్పటి ఉత్తరాఖండమునందలి నైనితాలు పట్టణమున జన్మించెను. ఆయనను అందరును జిమ్ అని పిలిచెడివారు. తండ్రి క్రిస్టఫర్ విలియం ఆ యూరి పోస్టుమాస్టరు. తల్లి మేరీ జేన్. 1881లో తండ్రి చనిపోయెను. అప్పటికి జిమ్మునకు ఆరేండ్లు నిండలేదు. పెద్ద కుటుంబమును నిలువబెట్టు భారము తల్లిపై బడెను. వేసవిలో నైనితాలు కొండపైనను, శీతకాలమున పదునైదు మైళ్ల దిగువనున్న కాలాఢుంగీ గ్రామమునను వారు కాపురముండెడివారు.

కాలాఢుంగీలో ఇంటిని ఆనుకొనియే అడవి. ఆ అడవియే జిమ్మునకు రెండవ బడి. ఏ పక్షి యే వేళ నెట్లు కూయును, భయపడిన జింక అరపునకును ఊరక అరచు జింక అరపునకును భేదమేమి, బాటమీది దుమ్ములో పడిన యడుగు ఏ జంతువుది, అది యెంతసేపటి క్రిందటిది, ఈ పాఠములను ఆ బాలుడు పుస్తకములేకయే నేర్చుకొనెను. ఆయన ఆరేండ్లవాడై యున్నప్పుడు కోపించిన ఆడ ఎలుగుబంటి యొకటి ఆయనపైనను నాలుగేండ్ల తమ్మునిపైనను పడవచ్చెను. ఇంటి ముసలికుక్క అడ్డుపడి ఇరువురి ప్రాణములను కాపాడెను. దాని పేరు రాబిన్. ఈ పేరు కథలో మరల వచ్చును; జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇంటి పరిస్థితులవలన జిమ్ కాలేజీ చదువునకు పోజాలక, ఇరువది యేండ్లు నిండకమునుపే రైల్వే కొలువున జేరెను. పిమ్మట బీహారులో గంగయొడ్డున నున్న మొకామా ఘాట్ అను చోట, వెడల్పు పట్టాల బండ్లలో వచ్చిన సరకులను ఇరుకు పట్టాల బండ్లలోనికి మార్పించు గుత్తను పొంది, అక్కడ ఇరువదియొక్క యేండ్లు పనిచేసెను. మొదటి నెలలలో కూలీలతోపాటు తానును పారపట్టి బొగ్గు ఎత్తెను. అచ్చటి స్టేషను మాస్టరు రామశరణ్ అను ఆయనతో గలసి కూలీల బిడ్డలకును చిన్న యుద్యోగుల బిడ్డలకును ఒక పాఠశాలను పెట్టించెను. అందు మొదటనే చిక్కు గలిగెను. అగ్రకులముల బాలురును తక్కువ కులములవారని చెప్పబడిన బాలురును ఒకే యింటిలో కూర్చుండరాదని ఆక్షేపణ వచ్చెను. ఇంటిలో కూడదుగాని, గోడలులేని పాకక్రింద కూడదని ఎవరు చెప్పిరి? వెంటనే గోడలను తీసివేయించిరి. కప్పు మాత్రము నిలిచెను. దానిక్రింద అందరు బాలురును కూర్చుండిరి. ఇరువదిమందితో మొదలైన ఆ బడి ఇన్నూరుమంది బాలుర బడి యయ్యెను.

ఇంతలో కుమావూ కొండలలో మనుష్యులను తిను పులులను చంపుటకు ప్రభుత్వమువారు ఆయనను పిలువసాగిరి. 1907లో ఆయన చంపిన చంపావత్ ఆడపులి నేపాళములోను కుమావూలోను కలసి 436 మందిని పొట్టనబెట్టుకొనినది. 1926లో చంపిన రుద్రప్రయాగ చిరుత, ప్రభుత్వ లెక్కప్రకారము, 125 మందిని చంపినది. ఈ పనికి ఒప్పుకొనుటకు ముందు ఆయన రెండు నియమములు పెట్టెడివాడు: ఆ జంతువుపై ప్రకటించిన బహుమానమును రద్దుచేయవలెను, తక్కిన వేటగాండ్రను అడవినుండి పిలిపించుకొనవలెను. డబ్బుకై చంపువాడను పేరు తనకు రాకూడదని ఆయన పట్టుదల. చంపిన పిదప కళేబరమును శోధించి, అది నరమాంసమునకు ఏల దిగెనో కనుగొనెడివాడు. చంపావత్ పులికి కుడివైపున పైకోరయు క్రిందికోరయు తుపాకిదెబ్బకు విరిగియుండెను. సహజమైన వేట దానికి చేతకాకపోయెను. పులి స్వభావము క్రూరము కాదనియు, గాయమో ముసలితనమో దానిని ఆ దారికి ఈడ్చుననియు ఆయన జీవితాంతము బోధించెను.

ఇక రాబిన్ కథ. ఒక చలి యుదయమున ఒకడు మిక్కిలి మురికిగానున్న బుట్టలోనుండి ఏడు కుక్కపిల్లలను నేలపై దింపెను. కార్బెట్టునకు కుక్కపిల్లతో పనిలేదు. కుక్క కావలసిన యొక స్నేహితురాలి వెంట ఆయన ఊరక అక్కడనుండెను. ఏడింటిలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి బక్కదియు, ఇక బ్రదుకుటే కష్టమనునట్లున్నదియు నగు పిల్ల యొకటి గుంపును విడిచి, ఆయన చుట్టు ఒక్కసారి తిరిగి, ఆయన పెద్ద పాదముల నడుమ ముడుచుకొని పండుకొనెను. ఆయన దానిని ఎత్తి కోటులోపల పెట్టుకొనెను. అది కృతజ్ఞతతో ఆయన మొగము నాకజూచెను. దాని యొడలి దుర్గంధము తనకు తెలియనట్లు ఆయన ఊరకుండెను. పదునైదు రూపాయలకు దానిని కొని, ఇంటికి తెచ్చి, కడుపునిండ పెట్టి, వేడినీళ్లతో కడిగి, పించా అను పాతపేరును మాన్పి, తన ప్రాణదాతయగు ముసలికుక్క పేరే దానికి పెట్టెను. అప్పటికి దాని వయసు మూడు నెలలు.

కొన్ని వారములకు తుపాకి చప్పుడు అలవాటుచేయుటకై ఆయన దానిని తోటచివరకు తీసికొనిపోయెను. పొదలనుండి ఒక ఆడనెమలి లేచెను. వెంటనున్న పిల్లను మరచి ఆయన కాల్చెను. రెక్క విరిగిన నెమలి ముండ్లపొదలో పడగా రాబిన్ అందులోనికి దూకెను. ఆయన చుట్టు తిరిగి ఆవలి మైదానమునకు పరుగెత్తిచూడగా, నెమలి అడవివైపు పోవుచుండెను. రాబిన్ దాని తోకను పండ్లతో పట్టుకొని, నేలపై ఈడ్వబడుచునే విడువకుండెను. ఆ నాటి పాఠము అంతటితో ముగిసెను. ఇల్లు చేరునప్పుడు ఇరువురిలో ఎవరి గర్వము ఎక్కువయో చెప్పుట కష్టము.

నవంబరులో కుటుంబము కొండదిగి కాలాఢుంగీకి నడచి వచ్చుచుండెను. పదునైదు మైళ్ల నడక ముగియవచ్చినప్పుడు ఒక మలుపున కొండముచ్చొకటి రాబిన్ ముక్కు ముందుగా దారిదాటెను. యజమానుడు ఈలవేసినను వినక రాబిన్ దానివెంట లోయలోనికి పరుగెత్తెను. దిగువ పొదలలో దూరెనో లేదో మరల బయటపడి, తోక ముడిచి ప్రాణభీతితో పరుగెత్తజొచ్చెను. వెనుక పెద్ద చిరుత దూకుచు వచ్చుచుండెను. కార్బెట్టు చేతిలో తుపాకి లేదు. ఆయన గొంతెత్తి కేకలువేసెను. డోలీ మోయువారును కేకలువేసిరి. నూరుకుపైగా కొండముచ్చులు ఆ గోలలో గలసెను. ఇక అందుకొనుననగా చిరుత ఎందులకో ప్రక్కకు తిరిగి లోయలో మాయమయ్యెను. ఆ దినము నేర్చిన రెండు పాఠములను రాబిన్ మరువలేదు: కొండముచ్చులను తరుమరాదు, కొండముచ్చు అరచిన చోట చిరుత ఉండును.

ఆ శీతకాలముననే ఒక విచారకరమైన సంగతి బయటపడెను. పసితనమున తిండిలేక, ఆదరణలేక రాబిన్ గుండె చెడియుండెను. కొంచెము శ్రమపడగనే అది మూర్ఛపోవుచుండెను. పక్షులవేటకై పెంచిన కుక్క నీటను పొదలను పరుగెత్తజాలనిచో, ఇంటివాకిట కట్టివేయుటయే లోకాచారము. యజమానుడు బయలుదేరునప్పుడు ఇంట విడువబడుటకంటె అట్టి కుక్కకు దుఃఖములేదని కార్బెట్టునకు తెలియును. ఆయన కుక్కను మార్చలేదు. కుక్క పనిని మార్చెను. పరుగుతో పనిలేని, మెల్లగా నడచు వేటకు, అనగా పులిజాడ తీయుటకు, దానిని వెంటబెట్టుకొని పోసాగెను.

వారి పద్ధతి ఇట్టిది. వేకువజామున బయలుదేరి పులిదో చిరుతదో జాడ వెదకుదురు. ఇసుకలోను దుమ్ములోను అడుగులు కనబడునంతవరకు కార్బెట్టు ముందు నడచును. జంతువు బాటవిడిచి, అడుగుపడని గడ్డిలోనికిని ఆకులలోనికిని పోయినచో రాబిన్ ముందు నడచును. వాసనయే దానికి అక్షరములు. ఇట్లు పాఠము ఒకరినుండి ఒకరికి మారుచు, మాటలేకయే మైళ్లకొలది నడచెడివారు. గుండె బలములేని ఆ కుక్క, బలమైన కుక్కలు చేయలేని పనికి సాటిలేనిదయ్యెను. పదునైదు రూపాయల ఆ పిల్ల పదుమూడవ యేట అడుగిడుచుండగా, హిందూదేశపు బంగారమంతయు నిచ్చినను దానిని అమ్మనని ఆయన వ్రాసికొనెను.

ఇట్లు నడచినవానికి చంపవలెనను కోరిక క్రమముగా సన్నగిల్లెను. 1920 తరువాతి దశాబ్దమునుండి ఆయన తుపాకికంటె చలనచిత్రములు తీయు కెమెరాను ఎక్కువగా చేతబట్టెను. 1936లో రామగంగాతీరమున మన దేశపు మొదటి జాతీయవనము ఏర్పడుటకు ఎంతయో తోడ్పడెను. 1944లో ప్రకటించిన కుమావూ నరభక్షకులు అను గ్రంథములో పులుల కథలనడుమ రాబిన్ కథకు ప్రత్యేకముగ ఒక ప్రకరణము నిచ్చెను. 1947లో సోదరి మాగీతో ఆఫ్రికాఖండమునందలి కెన్యాకు వెడలి, 1955 ఏప్రిలు 19న నైయేరి పట్టణమున మరణించెను. ఆయన సమాధి అక్కడి చర్చి యావరణమున గలదు. 1957లో ఆ జాతీయవనమునకు ఆయన పేరు పెట్టబడెను. 1973 ఏప్రిలు 1న పులుల సంరక్షణ పథకము ఆ వనముననే ప్రారంభింపబడెను. 2006లో దేశమందు 1,411గా లెక్కింపబడిన పులులు 2022 నాటికి సుమారు 3,682 అయ్యెను. అందు 260 కార్బెట్టు వనముననే యుండెను.

మన గోదావరికి ఆవలియొడ్డున, జన్నారము చుట్టునున్న కవ్వాల అడవియు 2012లో పులుల వనముగ ప్రకటింపబడినది. విద్యార్థులారా, అట్టి వనములలోనికి కుక్కను తీసికొనిపోవుట నేడు నిషిద్ధము. కుక్కలనుండి అడవిజంతువులకు రోగములు సోకును. చిరుతకు కుక్క యాహారమగును. కావున మీ కుక్కతో ఊరిగుట్టలపైననే నడువుడు. నడచునప్పుడు దుమ్ములోని యడుగులను చూడుడు. పిట్ట అరపు వినుడు. కుక్క ఎక్కడ ఆగెనో మీరును అక్కడ ఆగుడు.

తల్లిదండ్రులకును తోడి యుపాధ్యాయులకును ఒక్కమాట. పరీక్ష తప్పిన బాలుడు, జబ్బున బక్కచిక్కిన బాలిక, బుట్టలో అన్నిటికంటె చిన్నపిల్ల, ప్రతి తరగతిలోను ఒకరుందురు. మనము నియమించిన పని వారికి చేతకానప్పుడు వారు దేనికిని పనికిరారని తీర్పుచెప్పుట సులభము. కార్బెట్టు ఆ తీర్పు చెప్పియుండినచో రాబిన్ ఒక వాకిట గొలుసుకు కట్టబడి చచ్చియుండెడిది. ఆయనయు సగము కండ్లతోనే అడవిలో నడచియుండెడివాడు. పిల్లను మార్చక పనిని మార్చిచూచుట, వాని వెంట కొంతదూరము మనమును మెల్లగా నడచుట, ఇదియే ఈ కథ మనకు మిగిల్చిన పాఠము.